పద్యం మీకు నిజంగా ఇష్టమేనా? తేల్చుకోవడం ఎలా

కావలికి దగ్గర్లో ఒక ఊళ్ళో తిరునాళ్ళ నాటకం. ఇంకా తెర కట్టలేదు. హార్మోనియం వాయించే పెద్దాయన బల్ల మీద కూర్చొని టీ తాగుతున్నాడు. ఊరికే ఉండలేక ఆయన దగ్గరికి పోయి "నాకు పద్యాలంటే ప్రాణమండీ" అన్నాను.

"ఏ పద్యాలబ్బయా?" అన్నాడు.

కృష్ణుడి రాయబారం సీనులోవి రెండు చెప్పాను, హరిశ్చంద్ర నాటకం కాటిసీనులోది ఒకటి.

"ఇంకా?"

ఆ "ఇంకా" దగ్గర నా బండి ఆగిపోయింది.

"అయితే నీకు ఇష్టమైంది పద్యం కాదు, మూడు పద్యాలు" అని గ్లాసు కింద పెట్టి శృతి చూసుకోను లేచి పోయాడు.

కోపమొచ్చింది. నాటకం సగంలోనే ఇంటికొచ్చేశాను కూడా. చాన్నాళ్ళకి గానీ ఆయన మాటలో న్యాయం బోధపడలేదు. ఒక పాట ఇష్టం కావడం వేరు, ఒక తరహా సంగీతం ఇష్టం కావడం వేరు. గజళ్ళైనా, జానపదాలైనా, కీర్తనలైనా ఇదే లెక్క. నాకు తెలిసింది రంగస్థల పద్యం కాబట్టి, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దానికి ఇంకా తెర లేస్తోంది కాబట్టి, దాన్ని పెట్టుకునే చెబుతాను. రెండు మూడు నెలల పని. ఖర్చు బస్సు చార్జీలు, టీలు.

ముందు ఒక కాయితం తీయండి

మీకు ఇష్టమైన పద్యాలు గుర్తున్నన్ని రాయండి. ఫోన్లో వెతకొద్దు. ఒక్కోదాని పక్కన అది ఎందుకు ఇష్టమో ఒక ముక్క రాయండి. "మా నాయన పాడేవాడు" అని వస్తుంది. "ఎన్టీఆర్ కిరీటం పెట్టుకొని నిలబడితే చాలు" అని వస్తుంది. "అది పాడితే జనం ఈలలేస్తారు" అని కూడా వస్తుంది. మొహమాటపడొద్దు, నా కాయితంలో ఈ మూడూ ఉన్నాయి.

ఇక కొట్టేయడం మొదలుపెట్టండి. నాయన కోసం ఇష్టమైంది నాయన మీది ప్రేమ. కిరీటం కోసం ఇష్టమైంది నటుడి మీది అభిమానం. వాటిని తప్పనడం లేదు. ఎవరైనా అట్టాంటి వాకిట్లోంచే ఇంట్లోకొస్తారు. వాకిట్లోనే చెప్పులు పట్టుకొని నిలబడిపోయామా, లోపలికి పోయి పీట వేసుకున్నామా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

కొట్టేయగా నాకు ఒక్కటి మిగిలింది, అదీ అర్థం సగమే తెలిసిన పద్యం. మీకు ఒక్కటీ మిగలకపోయినా దిగులుపడొద్దు. కాయితం దాచిపెట్టండి, మూడు నెలల తర్వాత కావాలి.

పద్యాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టండి

చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. ఛందస్సు అనగానే పదో తరగతి పరీక్ష, గురువులు, లఘువులు, మార్కులు గుర్తొస్తాయి. ఇక్కడ గణాలు అక్కర్లేదు. పాదానికి ఎన్ని అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరానికి జత పడే చోటు) ఎక్కడ అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం మీద. చంపకమాలకి 21, యతి 11. శార్దూలానికి 19, యతి 13. మత్తేభానికి 20, యతి 14. నాటకంలో మీరు వినే పొడుగు పద్యాలు చాలావరకు ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. సీసమైతే చివర్న తేటగీతో ఆటవెలదో తోకలా వేలాడుతుంది, దాన్నిబట్టి పట్టేయొచ్చు.

పేరున్న పద్యం తీసుకుంటే మీకు వెంటనే దాని పాత బాణీ నోటికొచ్చేస్తుంది, లెక్క కుదరదు. అందుకని నేనే రెండు పాదాలు కట్టాను. కవిత్వం కోసం కాదు, కొలతకి:

పెన్నకు నీరు వచ్చెనని పేటల నెల్లరు సంతసించిరే
వెన్నెల రాత్రి నాటకము వేడుక చూడగ వచ్చిరందరున్

వేళ్ళు మడవండి. పె, న్న, కు, నీ, రు, వ, చ్చె, న, ని. తొమ్మిదయ్యాయి. పదోది "పే". మొదటి "పె"కి అది జత. కింది పాదంలో "వె"కి పదో చోట "వే" పడింది. రెండో అక్షరం పైన "న్న", కింద "న్నె", అది ప్రాస. ఉత్పలమాల అయిపోయింది, ఇంతే.

ఇప్పుడు దీన్ని మూడు రకాలుగా చదవండి. మొదట బడిపిల్లాడిలాగా, ఎక్కడా ఆగకుండా. రెండోసారి యతి ముందు ఒక్క క్షణం ఆగి: "పెన్నకు నీరు వచ్చెనని... పేటల నెల్లరు..." మూడోసారి ఈ కబురు అప్పుడే విన్నవాడు ఇంకొకడికి చెబుతున్నట్టు: "పెన్నకు... నీరు వచ్చెనని!" ఈ మూడింటికీ తేడా మీ చెవికి తెలిసిందంటే, స్టేజీ మీద నటుడు చేసే పనిలో సగం మీకు అందినట్టే. పద్యానికి తాళం లేదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరిగెత్తాలి, ఏ అక్షరం పట్టుకొని రాగం సాగదీయాలి అన్నవన్నీ పాడేవాడి తీర్పులే. ఒకడి తీర్పుకీ ఇంకొకడి తీర్పుకీ మధ్య తేడా వినడమే పద్యం వినడం.

నా పాదాలు తేలికవి, మాట ముగిసిన చోటే పాదమూ ముగిసింది. అసలు కవులు అంత సుఖంగా పోనివ్వరు. 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన పద్యం తీసుకోండి. మాట పాదం చివర ఆగకుండా కింది పాదంలోకి దొర్లిపోతుంది. అక్కడ పాడేవాడు పాదాన్ని నమ్మాలా, వాక్యాన్ని నమ్మాలా? మీరు వినేటప్పుడు అడగాల్సింది ఒకటే: ఎక్కడ ఊపిరి తీశాడు?

నల్ల మెట్లు

ఇది చిన్న పని, ఒక సాయంత్రం చాలు. హార్మోనియం ఉంటే సరే, లేకపోతే ఫోన్లో ఏదో ఒక పియానో యాప్ పెట్టుకోండి. నల్ల మెట్లు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టుని "స" అనుకొని, నల్ల మెట్ల మీదే వరసగా పైకి పొండి. అది మోహన రాగం. ఆ మెట్టు హార్మోనిస్టుల భాషలో నాలుగున్నర శృతి. ఇప్పుడు అదే గుంపులో మూడో మెట్టుని "స" అనుకొని మళ్ళీ నల్ల మెట్ల మీదే పొండి. అది హిందోళం, శృతి ఆరున్నర. మెట్లు అవే ఐదు. మొదలు మారిందంతే, వెలుతురు లాంటి రాగం కాస్తా రాత్రిలోకి దిగిపోయింది.

పది నిమిషాలు ఇటూ అటూ నొక్కండి. రేపు స్టేజీ మీద కృష్ణుడు మోహన అందుకుంటే "ఎక్కడో విన్నానే" అని మీ వేళ్ళకి గుర్తొస్తుంది. రాగాలన్నీ నేర్చుకోనక్కర్లేదు. నాకు ఇప్పటికీ పట్టుమని ఎనిమిది రావు.

ఒక పద్యం, నలుగురి గొంతులు

ఇప్పుడు ఫోన్ తీయొచ్చు. రాయబారం సీను నుంచి పేరున్న పద్యం ఒకటి ఎంచుకోండి. స్టేజీ నటుల్లో పీసపాటి నరసింహమూర్తి పాడింది వినండి, షణ్ముఖి ఆంజనేయరాజు పాడింది వినండి. తర్వాత ఊరూ పేరూ తెలియని ఎవరో తిరునాళ్ళలో పాడుతుంటే సెల్‌ఫోన్లో తీసింది ఒకటి. చివర్న సినిమాలో ఘంటసాల గొంతు. వరస ముఖ్యం, ఘంటసాలని ముందు వింటే మిగతావన్నీ సాగదీసినట్టే ఉంటాయి. సినిమాకి నిడివి కొలత ఉంది గనక ఆయన రాగాన్ని కుదించి మాటని ముందుకి తెచ్చాడు. స్టేజీ మీద ఆ అవసరం లేదు. పైగా మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ వినపడాలంటే గొంతు ఎత్తి సాగదీయాల్సిందే.

నాలుగూ విన్నాక ఏది గొప్పదో తేల్చొద్దు. ఒక్కొక్కరు ఊపిరి ఎక్కడ తీశారో, రాగం ఏ అక్షరం మీద ఎత్తుకున్నారో గుర్తుపెట్టుకోండి చాలు. ఊరూ పేరూ లేనాయన దగ్గర మీకు ఒక్క చోటైనా "అబ్బ, ఇది బాగుందే" అనిపిస్తే, దాన్ని కాయితం వెనక రాసుకోండి. పేరు చూసి మెచ్చుకున్నది కాదు కాబట్టి దాని లెక్కే వేరు.

ఒక రాత్రంతా కూర్చోండి

అసలు పరీక్ష ఇదే, దీనికి దగ్గర దారి లేదు. యూట్యూబ్‌లో మనం విన్నవన్నీ ఏరి పెట్టిన పద్యాలు, మీగడ. నాటకమంటే కుండ మొత్తం.

మార్చి నుంచి మే దాకా మన వైపు తిరునాళ్ళ రోజులు. కరపత్రంలో రాత్రి పది అని వేస్తారు, ప్రార్థన అయ్యేసరికి పదకొండున్నర. అన్నం తినేసి నిదానంగా పొండి. దుప్పటి, నీళ్ళ సీసా, కింద పరుచుకోను ఏదైనా పట్టుకుపొండి. మైకు బాక్సుల ముందు కూర్చోవద్దు, తెల్లారేసరికి చెవులుండవు. హార్మోనియం ఏ పక్కనుంటే ఆ పక్క, స్టేజీకి పది పదిహేను బారల దూరం మంచిది. నటుడు పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు వైపు ఒక చూపు చూస్తాడు, ఆ చూపు మీకు కనపడాలి.

మన నాటకాల్లో ఒక సౌకర్యం ఉంది. ఒక్క రాత్రిలో కృష్ణుడి వేషానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు: ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు. పేరు మోసినాయన ఒక సీను చేసి కారెక్కి పోతాడు. జనం కూడా సగం లేస్తారు. మీరు లేవద్దు. రెండో కృష్ణుడి దగ్గరే మీ ఇష్టం ఎంతటిదో బయటపడుతుంది. ఆయన గొంతు బొంగురుగా ఉండొచ్చు, పై "స" అందకపోవచ్చు, కిరీటం ఓ పక్కకి ఒరగొచ్చు. అయినా ఆయన తర్వాతి పద్యం ఎట్టా ఎత్తుకుంటాడా అని మీకు ఆత్రంగా ఉందా? ఉంటే మీరు లోపలికొచ్చినట్టే. "ఈయన ఎప్పుడు దిగిపోతాడ్రా నాయనా" అనిపిస్తే, మీకు ఇష్టమైంది ఒకటో కృష్ణుడు. తప్పేం లేదు, ఇంకోసారి రండి.

నిద్రొస్తే పడుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మేము చిన్నప్పుడు నాటకాలు చూసింది సగం నిద్రలోనే. కానీ మిమ్మల్ని నిద్ర లేపిన పద్యం ఏదో గుర్తుపెట్టుకోండి. చెవి ఏరుకున్నదాన్ని బుర్ర మార్చలేదు.

చదివింపుల గోల ఒకటుంటుంది, ముందే చెబుతున్నా. మంచి పద్యం మూడో పాదంలో ఉండగా ఇంకో మైకులోంచి "ఫలానా వారు కృష్ణ పాత్రధారికి నూటపదహార్లు" అని మొదలవుతుంది. ఒకసారి ఓపిక నశించి లేచి "పద్యం అవనీయండయ్యా!" అని గట్టిగా అరిచాను. ఆ నూటపదహార్లు ఇచ్చింది మా మామేనని తెల్లారాక తెలిసింది. ఆ ఏడు వాళ్ళింటికి పండక్కి పోలేదు.

కొట్లాట పెట్టుకోండి

రెండు మూడు రాత్రులు కూర్చున్నాక మీకు నచ్చనివి కూడా మొదలవుతాయి. మొదలవ్వాలి. పద్యాలన్నీ బాగుంటాయనేవాడు పద్యాలు విననివాడు. నా కంప్లైంటు చెబుతాను: నాలుగో పాదం ఆఖరి అక్షరం పట్టుకొని ఐదు నిమిషాలు రాగం తీస్తారు, చప్పట్లు పడేదాకా వదలరు. అప్పటికి పద్యంలో ఏం చెప్పాడో దుర్యోధనుడికి కూడా గుర్తుండదు. మా ఊళ్ళో దీనికి వ్యతిరేకులున్నారు. "రాగం లేకపోతే పద్యం ఎందుకు, పేపర్ చదువుకో పో" అంటారు. వాళ్ళ మాటలోనూ బలం ఉంది.

కొట్లాటకి దిగేముందు కాస్త చరిత్ర తెలుసుకోండి, లేకపోతే ఓడిపోతారు. "పద్యం పాడటం వెయ్యేళ్ళ సంప్రదాయం" అని ఎవరో ఒకరు అంటారు. పద్యం అంత పాతదే. కవిత్రయంలో తిక్కన నెల్లూరువాడు, ఎర్రన ఇప్పటి ప్రకాశం సీమవాడు, మనం గర్వపడొచ్చు. కానీ హార్మోనియం పక్కన నిలబడి రాగం తీసే ఈ పద్ధతికి అంత వయసు లేదు. 1880ల ప్రాంతంలో ధార్వాడ నాటక సంఘాలు మన ఊళ్ళు తిరిగాయి, వాటితోపాటు హిందుస్తానీ బాణీలొచ్చాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటలు, పద్యాలు గట్టిగా పాదుకునేట్టు చేశారు. హార్మోనియం ఫ్రాన్సులో పుట్టిన 19వ శతాబ్దపు పెట్టె. దాని మెట్ల మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదని 1940లో రేడియోవాళ్ళు దాన్ని వెలేశారు, మళ్ళీ రానిచ్చింది 1970ల్లోనే. రేడియో వెలేసినా మన తిరునాళ్ళలో అది ఒక్క రాత్రి కూడా మూగబోలేదు.

ఇంకో సంగతి. కాటిసీను వింటున్నప్పుడు జనం అంతా ఒక్కరు రాసిందే అనుకుంటారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతానిది. శ్మశానం మీద గుర్రం జాషువా విడిగా రాసిన పద్యాలని నటులు తెచ్చి అందులో కలుపుకున్నారు, జనం వదల్లేదు. ఈసారి విన్నప్పుడు ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోండి. దొరికిన రోజు మీకు చెప్పుకోలేని సంతోషం కలుగుతుంది, ఇంట్లోవాళ్ళకి చెబితే వింతగా చూస్తారు.

ఒకటి మీరే పాడండి

నాలుగు పాదాలు కంఠతా పట్టండి. బండి మీద పోతూ పాడితే మంచిది, హెల్మెట్ ఉంటుంది, ఎవరికీ వినపడదు. బుచ్చిరెడ్డిపాళెం రోడ్డులో నేను చాలా పద్యాలు ఖూనీ చేశాను. మూడో పాదం దగ్గర ఊపిరి అయిపోతుంది. అప్పుడు తెలుస్తుంది రెండో కృష్ణుడు అక్కడ ఎందుకు ఆగాడో. బాగా పాడటం అవసరం లేదు. వంట చేసేవాడికి కూర రుచి ఇంకో రకంగా తెలిసినట్టు, ఇది చెవి కోసం చేసే పని.

పక్కింటికి కూడా పోయి రండి

హరికథ ఒకటి వినండి, బుర్రకథ ఒకటి వినండి. ఒంగోలు దగ్గర కారవడిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా నాదస్వరం ఒక గంట వినండి. అందులో మాట లేదు, యతి లేదు, ఒట్టి ఊపిరే. అది విన్న మర్నాడు పద్యం వింటే రాగానికీ మాటకీ మధ్య లాగులాట స్పష్టంగా వినిపిస్తుంది. అది విన్నాక పద్యం చప్పగా అనిపిస్తే దాచుకోవద్దు. మీకు ఇష్టమైంది రాగమన్నమాట, మీ దారి కచేరీల వైపు. నా స్నేహితుడొకడు అట్టాగే పోయాడు, ఇప్పుడు డిసెంబరొస్తే మద్రాసు రైలెక్కుతాడు.

మళ్ళీ కాయితం

మూడు నెలలయ్యాక పాత కాయితం తీసి, దాని కింద మళ్ళీ రాయండి. పద్యాల సంఖ్య పెరిగిందా అని చూడొద్దు. పక్కన రాసే "ఎందుకు" మారిందా అని చూడండి. "నాయన పాడేవాడు" అన్న చోట "రెండో పాదంలో మాట విరిచిన తీరు" అని వచ్చిందా? పేరు తెలియనివాళ్ళు ఎంతమంది చేరారు? నచ్చనివాటికి కారణం చెప్పగలుగుతున్నారా?

నేను రెండోసారి కాయితం రాసుకున్న ఏడాది వేసవిలోనే ఆ హార్మోనియం పెద్దాయన మళ్ళీ కనిపించాడు, ఈసారి సింగరాయకొండ దగ్గర. నాటకం అయిపోయింది, తెల్లవారుతోంది, తెర విప్పుతున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. పక్కన నిలబడి ఉంటే ఆయనే "ఎట్టుంది నాటకం?" అన్నాడు. రెండో కృష్ణుడు మత్తేభం ఎత్తుకున్నప్పుడు శృతి తప్పాడని, కానీ మూడో పాదంలో యతి దగ్గర ఆగకుండా మాట ఎక్కడ తెగిందో అక్కడ ఆగాడని, అక్కడ ఒళ్ళు జలదరించిందని చెప్పాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. కాలితో తొక్కే పాత హార్మోనియం అది, బరువు. వ్యాను దూరంగా ఆగుంది.

"ఆ కొస పట్టుకో అబ్బయా" అన్నాడు.